సొంత పాటకు రాయల్టీ రావాలంటే ఏం చేయాలి?

విశాఖలో బీచ్ రోడ్డు హోటళ్లలో, గాజువాక పెళ్లిళ్లలో పాడితే డబ్బు ఆ రాత్రికే చేతికొస్తుంది. సొంత పాట మీద వచ్చే రాయల్టీ, అంటే ఆ పాటను వాడుకున్నప్పుడల్లా మీకు దక్కే డబ్బు, అలా కాదు. కొద్దికొద్దిగా, ఏళ్ల తరబడి వస్తుంది, అదీ కాగితాలు సరిగ్గా ఉంటేనే.

అన్నిటికన్నా ముందు వాటాలు రాసుకోండి. స్టూడియోకి వెళ్లకముందే ఒక తెల్లకాగితం మీద పాట పేరు, సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది, ఎవరికెంత శాతం, రికార్డింగ్ ఖర్చు ఎవరు పెడుతున్నారు అనేవి రాసి, తేదీ వేసి అందరూ సంతకాలు చేయండి. "మనోళ్లే కదా" అని ఇది వదిలేస్తారు. పాట హిట్టయ్యాక అడిగితే స్నేహం కూడా పోతుంది. ఉత్తరాంధ్ర జానపదం తీసుకుంటే ఇంకాస్త జాగ్రత్త. తరతరాల పాట ఎవరి సొంతమూ కాదు, దానికి మీరు కట్టిన సంగీతం మాత్రం మీది. కానీ జానపదమని అందరూ పాడుకునే పాటను నిన్నమొన్న ఎవరో రాసి ఉండొచ్చు. ఆ ఊళ్లో వాకబు చేసి, రాసినవాళ్లుంటే అనుమతి తీసుకోండి, పేరు వేయండి, వాటా ఇవ్వండి.

కాపీరైట్ పాట పుట్టగానే వస్తుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. గొడవ వస్తే సాక్ష్యంగా పనికొస్తుంది కాబట్టి చేయించుకోవడమే మంచిది. ఆన్‌లైన్‌లోనే అవుతుంది.

తర్వాత డిస్ట్రిబ్యూటర్ (పాటను యాప్‌లకు చేర్చే సంస్థ) ద్వారా స్పాటిఫై, జియోసావన్ లాంటి వాటిలో పెట్టండి. రికార్డింగ్‌కు గుర్తింపు సంఖ్యలాంటి, అక్షరాలు అంకెలు కలిపి 12 ఉండే ఐఎస్‌ఆర్‌సీ కోడ్ వస్తుంది, దాన్ని రాసిపెట్టుకోండి. డిస్ట్రిబ్యూటర్ ఇచ్చేది రికార్డింగ్ డబ్బు. సాహిత్యం, బాణీలకు రావాల్సింది వేరే ఉంటుంది. చాలామంది ఇక్కడే నష్టపోతున్నారు. దానికోసం గీత రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే సంఘం ఐపీఆర్‌ఎస్‌లో సభ్యులై, ప్రతి పాటనూ నమోదు చేయాలి.

మ్యూజిక్ కంపెనీ ఏకమొత్తం ఇచ్చి హక్కులు కొంటానంటే తొందరపడకండి. సాహిత్యం, బాణీల మీద కాపీరైట్ మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది, మీ పిల్లలకూ దక్కే ఆస్తి. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం గీత రచయిత, స్వరకర్త రాయల్టీ వాటాను కంపెనీకి వదులుకున్నట్టు రాసినా చెల్లదు. ఒప్పందంలో గడువు రాయకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేగా లెక్క. "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అన్న మాటలు కనిపిస్తే లాయరుకు చూపించందే సంతకం పెట్టకండి.

పెళ్లి వేడుకలో మీ పాట మోగినా రాయల్టీ రాదు, చట్టం మినహాయించింది. టికెట్ కచేరీలు, హోటళ్లు అలా కాదు, వాళ్లు లైసెన్స్ తీసుకోవాలి. అక్కడ మీ పాట పాడితే ఆ రోజు పాడిన పాటల జాబితా నిర్వాహకుల దగ్గరా, మీ దగ్గరా ఉంచండి.