పొడి బ్రష్ ఒంటికి తగిలించే ముందు

పిల్లలు నిద్రపోయాక దొరికే కాసిన్ని నిమిషాల్లో డ్రై బ్రషింగ్ (పొడి బ్రష్‌తో ఒంటిని మెల్లగా రుద్దుకోవడం) చేద్దామనుకునే అమ్మానాన్నలు ముందు ఇవి చూసుకోండి.

• ఒళ్లంతా మంచి వెలుతురులో ఓసారి గమనించండి. ఎగ్జిమా, సోరియాసిస్, ఎండకు కమిలిన చోటు, దోమ కుడితే గోకిన గీతలు, ఉబ్బిన నరాలు ఉంటే అక్కడ బ్రష్ వద్దు. పులిపిర్ల మీద అసలే వద్దు, పక్కకి పాకుతాయి. షేవింగ్, వ్యాక్సింగ్ చేసుకున్న రోజు మానేయండి.

• షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టొద్దు. గీసుకుపోయినా తెలియదు.

• ముంజేతి లోపలివైపు మెల్లగా రుద్ది చూడండి. కాస్త వెచ్చబడితే సరే. మంట పుట్టినా, గీతలు తేలినా ఆ బ్రష్ గిన్నెలు తోమడానికి పనికొస్తుంది, ఒంటికి కాదు.

• స్నానానికి ముందే చేయాలి, ఒళ్లూ బ్రషూ పొడిగా ఉండాలి. పాదాల నుంచి పైకి, గుండె వైపుగా, తేలిగ్గా. ముఖం వదిలేయండి. పాలిచ్చే తల్లులు రొమ్ముల జోలికి పోవద్దు. వారానికి ఒకటి రెండుసార్లు చాలు.

• నలుగు లాంటిదే కదా అని పసిపిల్లలకు రుద్దొద్దు. వాళ్ల చర్మం బాగా పలచన.

• కొవ్వు కరుగుతుందనే మాటలకు గట్టి ఆధారాల్లేవు. మృతకణాలు రాలతాయి, హాయిగా ఉంటుంది, అంతే.

• స్నానమయ్యాక రాసుకోవడానికి కొబ్బరినూనె దగ్గర పెట్టుకోండి. ఎవరి బ్రష్ వాళ్లదే. సబ్బుతో కడిగి ఎండలో ఆరబెట్టండి, తడి బాత్రూమ్‌లో ఉంచితే బూజు పడుతుంది.