పిల్లల్ని నడిపించకండి, నేల మీద వదలండి

పక్కింటి బాబు పది నెలలకే నడిచేశాడు, మావాడు ఏడాది దాటినా ఇంకా దోగాడుతూనే ఉన్నాడని టెన్షన్ పడుతున్నారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన లెక్కల ప్రకారం ఆసరా లేకుండా నడవడం 8 నెలల నుంచి 17న్నర నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. అసలు దోగాడకుండానే లేచి నడిచేసే పిల్లలు కూడా కొద్దిమంది ఉంటారు.

పుట్టినప్పుడు పెద్దవాళ్ల మెదడులో పావు వంతు బరువుండే బిడ్డ మెదడు, ఏడాది తిరిగేసరికి దాదాపు రెట్టింపవుతుంది. నరాల మధ్య కనెక్షన్లు కుప్పలుతెప్పలుగా పుడతాయి, వాడేవి గట్టిపడతాయి, వాడనివి రాలిపోతాయి. ఇక్కడ వాడటం అంటే బిడ్డ తనంతట తాను ప్రయత్నించడం. మీరు రెండు చేతులూ పైకి పట్టుకుని నడిపిస్తుంటే బ్యాలెన్స్ చేస్తున్నది మీరే, వాడు కాదు.

ఒంటి మీద పట్టు పైనుంచి కిందికి వస్తుంది: ముందు మెడ, తర్వాత భుజాలు, నడుము, చివరికి కాళ్లు. అందుకే మొదటి వారాల నుంచే మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కనుండి, బోర్లా పడుకోబెట్టండి. ఒక్కోసారి రెండు మూడు నిమిషాలు చాలు, మెల్లగా పెంచుకుంటూ పోతే రోజు మొత్తం మీద అరగంట అవ్వాలి. ఏడిస్తే మీ ఛాతీ మీద పడుకోబెట్టుకోండి, అదీ లెక్కలోకే వస్తుంది. నిద్రకు మాత్రం ఎప్పుడూ వెల్లకిలే.

నాలుగైదు నెలలొచ్చాక బొమ్మను ఎదురుగా కాకుండా కాస్త పక్కకి, చేతికి జానెడు దూరంలో పెట్టండి. పెట్టి ఊరుకోండి, ఇదే కష్టం! ముందు చూపు అటు తిరుగుతుంది, తర్వాత బరువంతా ఒక మోచేతి మీదికి వెళ్తుంది, రెండో చెయ్యి లేస్తుంది, అందదు, మూలుగుతాడు, మళ్లీ ప్రయత్నిస్తాడు. ఆ మూలుగు వినగానే బొమ్మ తెచ్చి చేతిలో పెట్టేస్తే ఆ పనంతా అక్కడితో ఆగిపోయినట్టే. నిజంగా ఏడిస్తే అప్పుడు దగ్గరికి జరపండి.

చక్రాల వాకర్ వద్దు. నడక తొందరగా రాదు సరికదా, మెట్ల మీంచి పడే ప్రమాదం ఎక్కువ, కెనడా 2004లో వాటిని నిషేధించేసింది కూడా. ఇంట్లో వట్టి కాళ్లతో తిరగనివ్వండి. పడితే కంగారుపడకండి, 12 నుంచి 19 నెలల పిల్లల్ని గమనించిన ఒక అధ్యయనంలో వాళ్లు ఆడుకుంటూ గంటకు సగటున 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు.

వేళ్ల సంగతి ఇంకో దారి. బొటనవేలు, చూపుడువేలు కలిపి పట్టుకోవడం 9 నుంచి 12 నెలల మధ్య వస్తుంది. డబ్బాలో వస్తువులు వేసి తీయడం, మూత పెట్టడం బాగా పనికొస్తాయి. కానీ టాయిలెట్ పేపర్ చుట్ట మధ్యలోని అట్ట గొట్టంలోంచి దూరిపోయేంత చిన్న వస్తువేదీ చేతికి అందకూడదు, మింగేస్తారు, ముఖ్యంగా వాచీల్లో ఉండే బటన్ బ్యాటరీలు. రెండేళ్లు దాటాక కాగితాలు చింపడం, మట్టి పిసకడం, బట్టల క్లిప్పులు పెట్టడం చేయించండి. పొడుగు క్రేయాన్ కంటే విరిగిన ముక్క నయం, పిడికిలితో పట్టుకోవడానికి చోటుండదు కాబట్టి వేళ్లే పని చేస్తాయి. సున్నా గీయడమే మూడేళ్లకు వస్తుంటే ఆ వయసులో అక్షరాలు దిద్దించడం దండగ అని నా అభిప్రాయం. ఫోన్, టీవీ రెండేళ్లలోపు వద్దు.

నాలుగు నెలలకు మెడ నిలవకపోయినా, తొమ్మిది నెలలకు కూర్చోకపోయినా, ఏడాదిన్నరకు నడవకపోయినా, ఏడాదిలోపే ఎప్పుడూ ఒకే చెయ్యి వాడుతున్నా డాక్టర్‌కి చూపించండి. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకి రెండేళ్లదాకా ప్రసవం కావలసిన తేదీ నుంచి వయసు లెక్కపెట్టాలి. వచ్చిన పని ఏదైనా మళ్లీ పోతే మాత్రం, ఏ వయసైనా సరే, ఆలస్యం చేయకుండా వెళ్లండి.