కట్టడాల చరిత్ర రాద్దాం – 4వ పాఠం: బోర్డు మీది పేర్లు

మీ ఊళ్లో 1950 తర్వాత కట్టిన ఒక సర్కారు భవనం డిజైన్ ఎవరిదో రాయమన్నాను కదా. విజయనగరం, శ్రీకాకుళం నుంచి వచ్చిన జవాబుల్లో ఎక్కువ మంత్రుల పేర్లే! శిలాఫలకం చూసి దించేశారు. కొబ్బరికాయ కొట్టినాయన ప్లాను గీయడండీ. మనకు దగ్గర్లోని భువనేశ్వరే చూడండి. 1948 ఏప్రిల్ 13న శంకుస్థాపన చేసింది నెహ్రూ, నగర ప్రణాళిక ఒట్టో కోనిగ్స్‌బెర్గర్ది, తొలినాటి ప్రభుత్వ భవనాల్లో చాలావాటి రూపకర్త జూలియస్ వాజ్. ఇది ఇంతటితో చాలు.

నాకు అసలు చిరాకు భాగస్వాముల దగ్గర. లండన్ ఆర్కిటెక్టులు మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ 1942లో పెళ్లి చేసుకున్నారు, కలిసి ఆఫీసు నడిపారు. 1951లో ఇద్దరూ పంజాబ్ కొత్త రాజధాని చండీగఢ్ కట్టే పనికి వచ్చారు. ఆ ఏడే లండన్‌లో లిండ్సే డ్రేక్, డెనిస్ లాస్డన్ భాగస్వాములుగా చేరారు, బోర్డు మీద పేర్లు నాలుగయ్యాయి. ఇక మీరేం రాస్తారు? ‘చండీగఢ్ ఇళ్లు ఫ్రై, డ్రూ, డ్రేక్ అండ్ లాస్డన్ సంస్థ డిజైన్ చేసింది.’ ఏడాది సరిపోయింది, సంస్థ పేరూ నిజమే, వాక్యమే తప్పు. చండీగఢ్‌లో ఆ దంపతులు పంజాబ్ ప్రభుత్వం మూడేళ్ల కాంట్రాక్టు మీద పెట్టుకున్న సీనియర్ ఆర్కిటెక్టులు. లండన్ బోర్డు లండన్‌లోనే ఉంది. అలాగని అంతా ఫ్రాన్స్ ఆర్కిటెక్టు లె కార్బూసియే ఖాతాలో వేస్తే అదీ తప్పే. ఆయన పట్టు నగర ప్రణాళిక మీద, అసెంబ్లీ, హైకోర్టుల మీద. సర్కారీ ఇళ్లు ఎక్కువగా ఫ్రై, డ్రూ, పియర్ జన్నరేలవి. జన్నరే కార్బూసియేకు చుట్టం, పారిస్‌లో పాత భాగస్వామి కూడా. అయినా చండీగఢ్‌లో ఆయనా ప్రభుత్వ కొలువులోనే, 1965 దాకా.

శైలి చూసి ‘ఇది ఫలానావారిదే’ అనేవాళ్లను నేను నమ్మను. ఆ ఏడాది మనిషి ఎక్కడున్నాడు, జీతం ఎవరిచ్చారు? నేను మొదట చూసేవి ఈ రెండే.

అభ్యాసం: అదే భవనం, మళ్లీ. ఆర్ అండ్ బి ఆఫీసులో పాత డ్రాయింగు చూపించమని అడగండి. షీటు కింద కుడి మూల గళ్లలో గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు విడివిడిగా ఉంటారు. ముగ్గురినీ రాసుకోండి. 1953 అక్టోబరుకు ముందుదైతే మద్రాసు రాష్ట్రం కాగితాలు వెతకాలి. విజయనగరం వాళ్లకు ఇంకో చిక్కు: మీ జిల్లా ఏర్పడిందే 1979 జూన్ 1న, కాబట్టి పట్నంలోని పాత భవనాల ఫైళ్ల కోసం ముందు విశాఖలో అడగండి.