వానలకు ముందే: గోదావరి లోయ డ్రిల్లింగ్ క్యాంపుల్లో జాగ్రత్తలు

బొగ్గు అన్వేషణకు బోర్లు వేసే క్యాంపులు ఎక్కువగా వాగుల పక్కనే వెలుస్తాయి. డ్రిల్లింగుకు నీళ్లు కావాలి మరి. కానీ వానాకాలంలో క్యాంపు మునగడానికి చాలా ముందే దారి తెగుతుంది. ఏ ఏర్పాటైనా ఇది గుర్తుపెట్టుకునే చేయాలి.

2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మి.మీ. వాన పడింది. ఆ వానలకే భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచేసింది. కాబట్టి మీ దగ్గర చినుకు లేకపోయినా ఎగువన ఎక్కడ కురుస్తోందో రోజూ కనుక్కోండి. గోదావరి ఒడ్డు మండలాల్లో ఉంటే భద్రాచలం మట్టం చూడండి: 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. గోదావరి నిండితే వాగుల నీళ్లు వెనక్కి తన్ని కాజ్‌వేలు మునుగుతాయి. అందుకే మొదటి హెచ్చరికకే రిగ్గు (బోరు వేసే యంత్రం) కదిలించాలి. నల్లరేగడి తడిశాక లారీ దిగబడిందంటే ఇక అంతే.

పని ఆపేటప్పుడు రాడ్లు బోర్లో వదలొద్దు. పంపు ఆగగానే రజను (బోరులో తెగిన రాతిపొడి) కిందికి దిగి రాడ్లను పట్టేస్తుంది. రాడ్లు పైకి లాగేసి, కేసింగ్‌కు (బోరులో దించిన గొట్టానికి) మూత బిగించండి. కోర్ బాక్సుల (బోరులోంచి తీసిన రాతి నమూనాల పెట్టెల) మీద లోతు అంకెలు పెయింట్‌తో రాసి, నేలకు రెండడుగుల ఎత్తున పేర్చండి. చాక్‌పీసు రాత ఒక్క జల్లుకే పోతుంది. డీజిల్ డ్రమ్ములు కూడా ఎత్తు మీదికే చేర్చండి. ఉరుము వినిపిస్తే రిగ్గు దగ్గర ఎవరూ ఉండకూడదు. ఆ చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తైనది దాని మాస్టే (నిలువు స్తంభమే). చివరి ఉరుము తర్వాత అరగంట దాకా పనిలోకి దిగొద్దు.

ఎక్కువమంది పట్టించుకోనిది మడ్ పిట్, అంటే డ్రిల్లింగ్ బురద నిలిపే గుంత. పైన పొర కట్టి గట్టినేలలా కనిపిస్తుంది, కింద బెంటొనైట్ (డ్రిల్లింగ్ నీళ్లలో కలిపే బంకమట్టి) జావలాగే ఉంటుంది. పశువు కాలు పెడితే కూరుకుపోతుంది. వాన పడితే పొంగి పక్క వరి మడిలోకి పోతుంది. పని అయిన పిట్‌లోని బురద తోడించి, మట్టితో పూడ్చండి. నడుస్తున్న పిట్‌కు కంచె వేసి, అంచుకు అడుగున్నర కింద వరకే నింపండి. పూర్తయిన బోరును సిమెంటుతో మూసేయాలి. లేకపోతే వరద నీరు నేరుగా భూగర్భజలంలోకి దిగి గూడెం చేతిపంపును పాడుచేస్తుంది.

చాలా గూడేల్లో అత్యవసరానికి దొరికే బండి క్యాంపు జీపే. క్యాంపు ఎత్తేసే తేదీ ఆశా కార్యకర్తకు ముందే చెప్పండి. నెలలు నిండుతున్న గర్భిణులను దారి తెగకముందే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చాల్సి ఉంటుంది.