యువతను స్థానిక నిర్ణయాల్లోకి తీసుకురావడం ఎలా?

సభలకు యువత రావడం లేదని వాపోయే చోట ముందు చూడాల్సింది ఒకటుంది. సభ మొదలయ్యే వేళకు నిర్ణయించడానికి ఇంకేమైనా మిగిలి ఉందా? అంతా ముందే ఖాయం చేసుకుని, చప్పట్లకూ ఫొటోకూ తమను పిలిచారని పిల్లలు ఇట్టే పసిగడతారు. ఆ తర్వాత ఎన్ని పోస్టర్లు అంటించినా రారు. పరిశోధకుడు రోజర్ హార్ట్ 1992లో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా గీసి చూపారు. అలంకారంగా నిలబెట్టడం, పేరుకు కూర్చోబెట్టడం వంటి కింది మూడు మెట్లనూ ఆయన అసలు భాగస్వామ్యం కిందే లెక్కేయలేదు.

1. చిన్నదైనా సరే, నిజమైన నిర్ణయం వాళ్లకివ్వండి

పార్కులో దీపాలు ఎక్కడ పెట్టాలి, లైబ్రరీ ఏ వేళల్లో తెరవాలి... ఇలా రెండు మూడు నెలల్లో ఫలితం కంటికి కనిపించే పని ఎంచుకోండి. కొంత డబ్బు కూడా కేటాయిస్తే మరీ మంచిది. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె 1989లో బడ్జెట్‌లో కొంత భాగాన్ని ప్రజలే నిర్ణయించే పద్ధతి మొదలుపెట్టింది. అదే దారిలో అమెరికాలోని బోస్టన్ 2014లో పది లక్షల డాలర్ల ఖర్చును యువత ఓటుకు వదిలింది. 12 నుంచి 25 ఏళ్లవాళ్లు ఓటు వేశారు. మీ దగ్గర ఎంత డబ్బుంది, గడువు ఎప్పుడు, ఆఖరి మాట ఎవరిది అన్నవి ముందే కాగితం మీద పెట్టి చదివి వినిపించండి. మూడోది దాచిపెట్టినప్పుడే నమ్మకం పోతుంది.

ఓటే లేనివాళ్ల మాట ఎందుకని ఎవరైనా అడ్డుపడితే, 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చూపించండి. తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉందనీ, వయసును, పరిణతిని బట్టి దానికి విలువివ్వాలనీ అందులో ఉంది.

2. ఇద్దరిద్దరిగా పిలవండి

ఒంటరిగా రమ్మంటే జంకుతారు, స్నేహితుడితో కలిపి పిలిస్తే వస్తారు. పన్నెండు, పదిహేను మంది చాలు. వేదికెక్కి గడగడా మాట్లాడేవాళ్లనే ఏరుకోకండి. చదువు ఆపి పనికి వెళ్తున్నవాళ్లు కూడా ఉండాలి. అంటే సభ పనివేళల్లో పెట్టకూడదు.

3. సభకు వారం ముందు అజెండా కలిసి చదవండి

అసలు పని ఇక్కడే ఉంది. ఒక గంట కూర్చుని ఒక్కో అంశం దగ్గర మూడు ప్రశ్నలు వేసుకోమనండి. దీనివల్ల మా వీధిలో ఏం మారుతుంది? డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎవరు సంతకం పెడితే పని కదులుతుంది? ఆ తర్వాత ఆ చోటికి వెళ్లి లెక్క తీయమనండి.

"పార్కులో వెలుతురు చాలడం లేదు" అంటే అందరూ తలూపి తర్వాతి అంశానికి వెళ్లిపోతారు. "గేటు నుంచి బస్టాపు దాకా ఆరు స్తంభాలున్నాయి, రెండే వెలుగుతున్నాయి. ముందు మూడోదీ నాలుగోదీ బాగుచేయండి. ఎప్పటికల్లా అవుతుంది?" అని అడిగితే తప్పించుకోవడం కష్టం. సమస్య, లెక్క, కోరిక, తేదీ... అంతా రెండు నిమిషాల్లో రావాలి. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని సాధన చేయించండి. మాటలు మాత్రం మీరు రాసివ్వొద్దు. రాసిచ్చిన మాటలు మొదటి ఎదురుప్రశ్నకే ఆగిపోతాయి.

4. సభలో

వాళ్ల అంశాన్ని చివర్లో పెట్టకండి, అప్పటికి సగం కుర్చీలు ఖాళీ అవుతాయి. రెండో అంశంగా ఉంచండి. వెనక వరసలో గుంపుగా కాకుండా సభ్యుల మధ్యలోనే కూర్చోబెట్టండి.

5. నెలలోగా రాతపూర్వకంగా జవాబివ్వండి

అవును, కాదు, ఫలానా తేదీ తర్వాత... వీటిలో ఏదో ఒకటి చెప్పండి. కారణం చెబితే "కాదు" అన్నా అర్థం చేసుకుంటారు. "పరిశీలిస్తాం" అన్న మాటే మనసు విరిచేస్తుంది. తమ మాట మినిట్స్‌లోకి, అంటే సభలో జరిగింది రాసిపెట్టే నమోదులోకి, ఎక్కిందో లేదో వాళ్లనే సరిచూడనివ్వండి. తప్పుగా రాసి ఉంటే మరుసటి సభలో లేచి దిద్దించేదీ వాళ్లే.