వెన్ను వంపు ఆపరేషన్ అయ్యాక ఒక భుజం ఎత్తుగా కనిపిస్తే ఇంట్లో ఏం చేయాలి

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇరవై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. ఎవరి భుజం ఎటు వాలిందో టేపు పెట్టకముందే చెప్పగలను. అలాంటిది నా కూతురి వీపు వంకర ఎనిమిదో తరగతి యూనిఫాంకి కొలతలు తీసినప్పుడు గానీ నా కంటపడలేదు. కుడి రెక్క ఎముక బయటికి పొడుచుకొచ్చి, కుడి భుజం ఎత్తుగా ఉంది. ఎక్స్‌రేలో వంపు 58 డిగ్రీలు. 45, 50 దాటిన వంపు ఎదుగుదల ఆగాక కూడా పెరగొచ్చని, అందుకే ఆపరేషన్ మంచిదని డాక్టరు చెప్పారు. విశాఖలో చేయించాం. పూసల్లో స్క్రూలు, వాటిని పట్టి ఉంచే రెండు రాడ్లు వేశారు. పూసలు ఒకదానితో ఒకటి అతుక్కునేలా ఎముక ముక్కలు పెట్టారు.

పిల్లను మొదటిసారి నిలబెట్టినప్పుడు నా చూపు నేరుగా భుజాల మీదికే పోయింది. ఈసారి ఎడమ భుజం ఎత్తుగా ఉంది! కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆపరేషన్ పాడైందేమోనని రాత్రంతా నిద్ర పట్టలేదు.

మర్నాడు డాక్టరు ఎక్స్‌రే చూపించి చెప్పారు. వీపు మధ్య పెద్ద వంపు ఉంటే, దానికి పైన, మెడ కింద, చిన్న ఎదురు వంపు కూడా ఉండొచ్చు. పెద్దది బాగా తిన్ననై, పైది అంతగా తిన్నగా కాకపోతే ఎడమ భుజం లేస్తుంది. జాకెట్టుకి ఒక పక్క డాట్ బిగిస్తే రెండో పక్క కుట్టు లాగేస్తుంది కదా, నాకు అలా అర్థమైంది. చాలామందికి కండరాలూ, అతకని పూసలూ కొత్త తీరుకి సర్దుకుని ఏడాది రెండేళ్ళలో తేడా తగ్గుతుందట. అందరికీ పూర్తిగా పోదని కూడా ఆయన దాచకుండా చెప్పారు.

అందుకని మొదటి పని, రోజూ చూడటం మానేయండి. నెలకోసారి కొలవండి. మా తమ్ముడు తాపీ మేస్త్రీ. గోడ లెవెల్ చూసే నీళ్ళ పైపు వాడే ఇచ్చాడు. పొద్దున్నే, పిల్ల అలసిపోకముందు, చెప్పులు లేకుండా, రెండు కాళ్ళ మీదా సమానంగా బరువు వేసి నిలబడాలి. చేతులు వదులుగా వేలాడాలి. భుజం చివర తగిలే ఎముక మీద రెండు పక్కలా పెన్నుతో చుక్క పెట్టండి. పైపు ఒక కొసలో నీళ్ళ మట్టం ఒక చుక్కకి సరిపెడితే, రెండో కొసలో మట్టానికీ రెండో చుక్కకీ మధ్య ఉన్నదే తేడా. ఫోన్ ఒకే స్టూలు మీద, అదే దూరంలో పెట్టి వెనక నుంచి ఫోటో కూడా తీయండి. నేను నేల మీద చాక్‌తో గీత గీసి ఉంచాను. మాకు మొదట్లో 2 సెంటీమీటర్ల పైన వచ్చింది. మూడో నెలకి ఒకటిన్నర. 2 సెంటీమీటర్ల పైన తేడా ఉంటే డాక్టర్లు కూడా గట్టిగా గమనిస్తారు, కాబట్టి కొలతలు ఒక పుస్తకంలో రాసి ప్రతి చెకప్‌కీ పట్టుకెళ్ళండి.

నేను చేసిన తప్పు మీరు చేయకండి. రెండో నెలలో నిమిషానికోసారి "భుజం దించమ్మా" అనేదాన్ని. పిల్ల భయపడి భుజం కిందికి లాగి, మెడ పక్కకి వంచి నడవడం మొదలుపెట్టింది. మెడనొప్పి వచ్చింది. దానికి పాపం ఏది తిన్నగా ఉందో కూడా తెలియదు. "సమానంగా నిలబడితే ఒరిగిపోయినట్టుందే అమ్మా" అనేది. ఏళ్ళ తరబడి వంకరకి అలవాటుపడిన ఒళ్ళు మరి. డాక్టరు ఒప్పుకున్నాక, మూడో నెల నుంచి ఫిజియో నేర్పినట్టు అద్దం ముందు నిలబడి రెక్క ఎముకలు రెండూ మెల్లగా వెనక్కి దగ్గరగా తెచ్చి, ఐదు లెక్కపెట్టి వదిలేది. అంతకుమించి ఏదీ బలవంతంగా చేయించలేదు.

వీధిలో ఒకామె "గుంట భుజం ఇంకా ఎత్తుగానే ఉందేటే? ఆ పక్క సంచి తగిలించు, దిగిపోద్ది" అంది. మరొకరు నరాలు నొక్కే మనిషి దగ్గరికి తీసుకెళ్ళమన్నారు. ఈ రెండూ వద్దు. స్క్రూలు వేసిన, ఇంకా అతుక్కోని వెన్నుని పట్టి లాగడం, నొక్కడం ప్రమాదం. అతుకు గట్టిపడటానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది.

మొదటి వారాల్లో వంగడం, మెలితిరగడం, బరువెత్తడం మూడూ వద్దన్నారు. మాకు మొదట్లో 2 కిలోలకి మించి వద్దని చెప్పారు, నిండు బిందె ఊసే లేదు. మంచం మీద ఒళ్ళంతా ఒక్కసారిగా దుంగలా పక్కకి దొర్లి, చేత్తో ఆనుకుని లేవాలి. కింద చాప మీద పడుకోనివ్వకండి, లేవడం కష్టం. మరుగుదొడ్డి నేలమట్టంగా ఉండేదైతే కమోడ్ కుర్చీ కొనండి, గొంతుక్కూర్చోవడం అప్పుడే కుదరదు. నొప్పి మాత్రలకి మలబద్ధకం వస్తుంది, చోడి (రాగి) అంబలి, అరటిపండు, నీళ్ళు బాగా ఇవ్వండి. ఇంటి నుంచి వీధి చివరికి, అక్కడి నుంచి ఇంకొంచెం, నడక రోజూ పెంచాలి. విశాఖ నుంచి కారులో వచ్చేటప్పుడు గంటకోసారి ఆపి నాలుగడుగులు వేయించాం.

జ్వరం, గాయం నుంచి చీము లేక నీరు, కాళ్ళలో కొత్తగా తిమ్మిరి లేదా బలం తగ్గడం, ఒంటేలు ఆగిపోవడం, వీటిలో ఏది కనిపించినా పొద్దున్న చూద్దాం అనుకోకండి. వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేసి బయల్దేరండి. భుజం ఎత్తు నెల నెలకీ పెరుగుతున్నా డాక్టరుకి చెప్పండి.

మా వాళ్ళలో కొందరు ఆంధ్రా ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) పనికొస్తుందనుకుంటారు. మన రేషన్ కార్డు ఒడిశాది. ఏ కార్డు చెల్లుతుందో ఆపరేషన్‌కి ముందే ఆస్పత్రి కౌంటర్లో అడగండి.

బడికి ఆరో వారంలో పంపాను. ఒక సెట్టు పుస్తకాలు బడిలోనే ఉంచేలా మాట్లాడుకున్నాం. పీ.టీ. సారుకి ఒడియాలో చీటీ రాయించి ఇచ్చాను, లేకపోతే పిల్లను లైన్లో ముందుకి వంగమనేవారు.

బట్టల సంగతి నాకు తెలిసినది. మొదటి నెల ముందు గుండీలున్నవే వేయండి, చేతులెత్తి తలమీంచి వేసుకోవడం నొప్పి. మచ్చ తగిలే చోట పాత మెత్తని నూలుగుడ్డ లైనింగ్ వేయండి. మా పిల్ల 3 సెంటీమీటర్లు పొడుగైంది, పాత యూనిఫాం అంచు విప్పాల్సి వచ్చింది. రెండు భుజాలకీ విడివిడిగా కొలత తీసి, దిగువ పక్క మాత్రం పల్చటి ప్యాడ్ పెట్టండి. వెడల్పు మెడ తేడాని ఎత్తిచూపిస్తుంది, కాలర్ మెడ దాచేస్తుంది. చున్నీ దిగువ భుజం మీద పిన్ను పెడితే ఇంకా మంచిది.

ఏడాదికి మాకు తేడా అర సెంటీమీటరుకి వచ్చింది. మొన్న రథయాత్రకి కుట్టిన జాకెట్టులో ప్యాడ్ పెట్టలేదు, భుజం కుట్టులోనే సర్దేశాను.