ఫోన్‌లో రీలు కెమెరా ఫోటో: ఫిల్టర్ సంగతి చివర్లో

పాత రీలు ఫోటోల రూపం ఇచ్చే హుజీ, డాజ్, హిప్‌స్టమాటిక్ లాంటి యాప్ ఒకటి వేసుకుని, పది ఫోటోలు తీసి, "ఫిల్టర్ కొట్టినట్టుంది గానీ పాత ఫోటోలా లేదే" అని వారం తిరక్కుండా తీసేసేవాళ్లే ఎక్కువ. లోపం యాప్‌లో లేదు. పాత ఫోటోకి ఆ రూపం సగం రంగుల వల్ల వచ్చింది, మిగతా సగం ఆ కెమెరాకి చేతకానివాటి వల్ల. యాప్ రంగులు మాత్రమే ఇస్తుంది. మిగతా సగం మనం తీసే పద్ధతిలో తేవాలి.

1986లో ఫుజీఫిల్మ్ మొదలుపెట్టిన క్విక్‌స్నాప్ అనే వాడి పారేసే కెమెరాల్లో, తర్వాత వచ్చిన ఫ్లాష్ రకాన్నే చూడండి. ఇప్పటి యాప్‌లలో సగం అనుకరించేది ఇలాంటివాటినే. 32 ఎంఎం ప్లాస్టిక్ లెన్స్, కదలని ఎఫ్/10 అపర్చర్ (వెలుగు దూరే రంధ్రం), సెకనులో 140వ వంతు తెరుచుకునే షటర్, 400 ఐఎస్ఓ ఫిల్మ్ (ఐఎస్ఓ అంటే వెలుగుని పట్టే చురుకు), మూడు మీటర్లు దాటితే ఆనని ఫ్లాష్. ఫోకస్ తిప్పే పనే లేదు: మీటరు దూరం నుంచి ఆ చివరిదాకా అంతా ఒక మోస్తరు స్పష్టంగా ఉంటుంది. తొంభైల్లో మన ఇళ్లలో తిరిగిన కోడక్ కేబీ10 కూడా అదే జాతి. అందుకే ఆ ఫోటోల్లో వెనక గోడ మసకగా కరిగిపోదు, రాత్రిపూట మనుషుల వెనకంతా నల్లగా ఉంటుంది, నీడల్లో గింజ (గ్రెయిన్, అంటే ఫిల్మ్ మీది సన్నటి చుక్కలు) కనిపిస్తుంది. పోర్ట్రెయిట్ మోడ్‌లో నేపథ్యం కరిగించి ఆపైన తొంభైల ఫిల్టర్ వేస్తే కన్ను నమ్మకపోవడానికి కారణం ఇదే.

ముందు ఫోన్ తెలివి తగ్గించండి

ఫోన్ కెమెరా ఒక్క నొక్కుకి చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది, నీడలు లేపుతుంది, అంచులు చెక్కుతుంది, చర్మం నునుపు చేస్తుంది. పాత రూపానికి ఈ నాలుగూ శత్రువులే. సెట్టింగ్స్‌లో ఆటో హెచ్‌డీఆర్, నైట్ మోడ్, బ్యూటీ, ఏఐ సీన్ అన్నవి ఏవి ఉంటే అవి ఆపేయండి. ఆండ్రాయిడ్‌లో ఉచితంగా దొరికే ఓపెన్ కెమెరా వేసుకుంటే ఇంకా నయం. అందులో కెమెరా ఏపీఐ దగ్గర కెమెరా2 ఎంచుకుంటే, ప్రాసెసింగ్ సెట్టింగ్స్‌లో ఎడ్జ్ మోడ్, నాయిస్ రిడక్షన్ అనే రెండు కనిపిస్తాయి. మీ ఫోన్ ఒప్పుకుంటే రెంటినీ ఆఫ్‌లో పెట్టండి. ఐఫోన్‌లో హేలైడ్ యాప్‌కి 2024లో వచ్చిన ప్రాసెస్ జీరో ఇదే పని చేస్తుంది.

లెన్స్ తుడవండి. జేబులో ఉన్న ఫోన్ లెన్స్ మీద వేలి జిడ్డు ఉంటుంది. అది "పాత మెరుపు" ఇస్తుందని కొందరు వదిలేస్తారు గానీ, అది దీపాల చుట్టూ గీతలు లాగుతుందే తప్ప పాతదనం తేదు.

జూమ్ 1.3 దగ్గర పెట్టండి. ఫోన్ల ప్రధాన లెన్స్ సాధారణంగా 24 నుంచి 26 ఎంఎం వెడల్పు చూస్తుంది, 1.3కి వెళ్తే 31 నుంచి 34 మధ్యకి వస్తుంది. మొహాలు అంచుల్లో సాగవు, ఫ్రేము రీలు కెమెరా ఫ్రేములా ఉంటుంది. 0.5 లెన్స్‌ని ఈ పనికి ముట్టుకోకండి. నిష్పత్తి కూడా ముఖ్యమే. ఫోన్ మామూలుగా 4:3లో తీస్తుంది, రీలు ఫ్రేము 24×36 ఎంఎం, అంటే 3:2. హోల్గా లాంటి, 120 అనే వెడల్పాటి రీలు వాడే కెమెరాల రూపం కావాలంటే 1:1 చతురస్రం. తీసేటప్పుడే గ్రిడ్ చూసి ఆ కొలతకి సరిపడేలా తల పైన కాస్త చోటు వదలండి, తర్వాత కత్తిరిస్తే తల తెగదు.

యాప్‌తోనే తీయాలా, తీసిన ఫోటోకి తర్వాత వేయాలా?

రెండూ చేయొచ్చు, కానీ సెట్టింగ్స్‌లో అసలు ఫోటో కూడా దాచే మీట ఉంటే మొదటిరోజే ఆన్ చేయండి. చాలా యాప్‌లు ఫిల్టర్ పడ్డ ఫోటోనే ఉంచి అసలుని పారేస్తాయి. పైగా కొన్ని ఆండ్రాయిడ్ యాప్‌లు సెన్సర్ నుంచి పూర్తి ఫోటో తీసుకోకుండా తెర మీద కనిపించే బొమ్మనే భద్రం చేస్తాయి. గ్యాలరీలో ఫోటో వివరాలు తెరిచి పిక్సెళ్లు చూడండి. పొడుగు వైపు 1800 కంటే తక్కువుంటే ఆ యాప్‌తో తీయకుండా, ఫోన్ కెమెరాతో తీసి అందులోకి దిగుమతి చేసుకోవడం మేలు.

న్యూయార్క్ టైమ్స్ ఫోటోగ్రాఫర్ డేమన్ వింటర్ 2010లో అఫ్గానిస్థాన్‌లో అమెరికా సైనికులను హిప్‌స్టమాటిక్‌తో తీశాడు. ఆ ఫోటోలకి 2011లో పిక్చర్స్ ఆఫ్ ద ఇయర్ ఇంటర్నేషనల్ పోటీలో మూడో స్థానం వచ్చింది, ఫిల్టర్ వేసింది వార్తాచిత్రం ఎలా అవుతుందని గొడవా రేగింది. ఆ ఫోటోలు నిలబడింది ఫిల్టర్ వల్ల కాదు, దగ్గరికెళ్లి చతురస్రంలో పొందిగ్గా కూర్చినందువల్ల.

వెలుతురు కొలత

ఇక్కడ ఫిల్మ్‌కీ ఫోన్‌కీ పొత్తు కుదరదు. నెగెటివ్ ఫిల్మ్ ఎక్కువ వెలుతురుని ఓర్చుకుంటుంది, ఫోన్ సెన్సర్‌లో తెల్లగా కాలిన చోటు మళ్లీ రాదు. అందుకని మొహం మీద వేలితో నొక్కి, సూర్యుడి గుర్తుని కిందికి లాగి, ఎక్స్‌పోజర్ -0.3 నుంచి -0.7 మధ్య పెట్టండి. యాప్ ఎలాగూ నలుపుని లేపి ఫోటోని తేలిక చేస్తుంది. సరిగ్గా కొలిచిన ఫోటోకే ఆ ఫిల్టర్ పడితే తెల్ల చొక్కా, ఆకాశం రెండూ కాగితంలా మిగులుతాయి. మన ఎండలో పదకొండు నుంచి మూడు దాకా నడినెత్తి వెలుగులో తీస్తే ఏ యాప్ వేసినా కళ్ల కింద గుంటలే. సాయంత్రం నాలుగున్నర తర్వాత పక్కనుంచి పడే ఎండ, అరుగు నీడ, కిటికీ పక్క వెలుగు, ఈ మూడింటిలో యాప్‌లు బాగా పలుకుతాయి.

ఫ్లాష్

తొంభైల పెళ్లి, పుట్టినరోజు ఫోటోల రూపం పూర్తిగా ఫ్లాష్‌దే. చిక్కేమిటంటే పాత కెమెరాది జినాన్ ఫ్లాష్, సెకనులో సుమారు వెయ్యో వంతు సేపు భళ్లుమని వెలిగి కదలికని కట్టేస్తుంది. ఫోన్‌ది చిన్న ఎల్ఈడీ, బలం తక్కువ, వెలిగే సేపు ఎక్కువ. అందుకే మనిషి కదిలితే చెరుగుతుంది, రెండు మీటర్లు దాటితే అందదు. మీటరు నుంచి మీటరున్నర లోపు నిలబడండి. "కదలకండి" అని చెప్పి, నొక్కాక ఒక క్షణం ఆగి అప్పుడు ఫోన్ దించండి.

వెనక నల్లగా రావాలంటే మనిషి వెనక నాలుగైదు మీటర్లు ఖాళీ ఉండాలి, చుట్టూ వెలుతురు తక్కువగా ఉండాలి. మునిమాపు వేళ మేడ మీద తీస్తే ఆకాశంలో కాస్త నీలం మిగిలి ఇంకా బాగుంటుంది. గట్టి నీడ కావాలంటే గోడకి జానెడు దూరంలో నిలబెట్టండి. ఫోన్ అడ్డంగా తిప్పినప్పుడు ఎల్ఈడీ ఏ వైపు ఉందో చూసుకోండి. లెన్స్ పైన ఉంటే నీడ కిందికి పడుతుంది. కింద ఉంటే నీడ గోడ మీద పైకెక్కి మనిషి దెయ్యంలా కనిపిస్తాడు.

మన చర్మం, మన ఎరుపు

చాలా రెట్రో ఫిల్టర్లు నీడల్లో ఆకుపచ్చ, వెలుగుల్లో నారింజ కలుపుతాయి. చామనఛాయ మొహం మీద నారింజ ఎక్కువైతే ఇటుక రంగు, ఆకుపచ్చ ఎక్కువైతే జబ్బు మొహం. ఫిల్టర్ బలం తగ్గించే మీట ఉంటే 40 నుంచి 60 శాతం దగ్గర ఆపండి. లేకపోతే ఫిల్టర్ పడ్డ ఫోటోని మళ్లీ ఎడిటర్‌లో తెరిచి, నారింజ రంగు సాచురేషన్ (రంగు గాఢత) ఒక్కదాన్నే పది పదిహేను తగ్గించండి. ఎర్ర పట్టుచీర, కుంకుమ, బంతిపూల దండలు మరో తలనొప్పి: ఎరుపు ముందే నిండిపోయి ఉంటుంది, ఫిల్టర్ ఇంకాస్త తోస్తే జరీ, మడతలు అన్నీ కలిసి ఒకే ముద్దవుతాయి. ఫిల్టర్ వేయకముందే మొత్తం సాచురేషన్ పది తగ్గించి పంపండి.

స్నాప్‌సీడ్‌లో చేత్తో చేసుకునే పద్ధతి

యాప్ ఇచ్చే రూపం నచ్చనప్పుడు ఉచిత స్నాప్‌సీడ్‌లో ఇదే పని ఐదు నిమిషాలు. వరస తప్పకూడదు. ముందు 3:2కి కత్తిరించండి. డీటెయిల్స్‌లో స్ట్రక్చర్‌ని 15 నుంచి 20 వెనక్కి లాగండి, ఫోన్ చెక్కిన అంచులు మెత్తబడతాయి. తర్వాత కర్వ్స్. ఎడమ కింది మూల బిందువుని కొంచెం పైకి (నలుపు బూడిద రంగులోకి తిరిగేంత), కుడి పై మూల బిందువుని కొంచెం కిందికి. ఇప్పుడు నీలం చానెల్‌కి వెళ్లి అదే పని ఇంకా తక్కువగా చేయండి: నీడల్లో నీలం, వెలుగుల్లో పసుపు వస్తాయి. డెబ్బైల ఆల్బమ్‌లలో ఎర్రబారిన ఫోటోల రూపం కావాలంటే ఎరుపు చానెల్‌లో ఎడమ బిందువు లేపండి. ఆ కాలపు ప్రింట్లలో సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) రంగు ముందుగా వెలిసిపోయింది, అందుకే ఎరుపు మిగిలింది.

గింజ అన్నిటికంటే చివర. గ్రెయినీ ఫిల్మ్ తెరిచి, స్టైల్ స్ట్రెంత్‌ని సున్నాకి దించి, గ్రెయిన్ ఒక్కటే 15 నుంచి 25 మధ్య పెట్టండి. ముందే గింజ వేసి తర్వాత కాంట్రాస్ట్ పెంచితే ఇసుక చల్లినట్టవుతుంది. ఇంకొకటి: వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదింపులో ఈ గింజంతా గళ్లుగళ్లుగా విరుగుతుంది. డాక్యుమెంట్‌గా పంపండి.

నలుపు తెలుపులో బొట్టు నల్లగా ఎందుకు?

చాలా యాప్‌లు నలుపు తెలుపు అనగానే కాంట్రాస్ట్ పెంచేసి ఊరుకుంటాయి. పాత స్టూడియో ఫోటో కిటుకు అది కాదు. తొలినాళ్ల గాజు పలకలకీ, ఆ తర్వాతి ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్‌కీ ఎరుపు కనపడదు. అందుకే ఆ ఫోటోల్లో కుంకుమబొట్టు నల్లచుక్క, తాంబూలం వేసుకున్న పెదవులు నలుపు, ఆకాశం ఉత్త తెలుపు, చర్మం ఉన్నదానికంటే ముదురు. ఇది ఫోన్‌లో తెచ్చుకోవడం తేలిక. స్నాప్‌సీడ్‌లో బ్లాక్ అండ్ వైట్ తెరిచి కలర్ ఫిల్టర్‌లో నీలం ఎంచుకోండి. మొహం మరీ నల్లబడితే, తీసేటప్పుడే ఎక్స్‌పోజర్ కొంచెం పెంచి మళ్లీ తీయండి. ఈ ఒక్క రకానికే పైన చెప్పిన తగ్గింపు సూత్రం వర్తించదు. ఎరుపు ఫిల్టర్ దీనికి సరిగ్గా తలకిందులు: ఆకాశం నల్లబడుతుంది, చర్మం తేలికపడుతుంది, బొట్టు, పెదవులు మొహంలో కలిసి మాయమవుతాయి. కొండలకీ కోటలకీ ఎరుపు, మనుషులకి నీలమో ఆకుపచ్చో.

పూర్తి సెపియా విషయంలో చేయి బిగపట్టండి. హైదరాబాద్‌లో ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కాలంలో గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద ముద్రించేవారు. ఆ ప్రింట్లది ఊదా కలిసిన గోధుమ రంగు, వెలుగులు మాత్రం పాలిపోయిన పసుపు. యాప్ సెపియా అన్ని చోట్లా ఒకే రంగు పూస్తుంది. 30 శాతానికి మించి వేయకండి.

కాంతి కారడం, రెండు ఫోటోలు కలపడం

లైట్ లీక్ ఫిల్టర్లలో కొట్టొచ్చినట్టు కనిపించే అబద్ధం రంగు. కలర్ నెగెటివ్‌కి వెనక వైపు నుంచి చొరబడే వెలుగు ముందుగా ఎరుపుని పట్టే పొరకే తగులుతుంది. అందుకే అసలైన లీక్ ఎరుపు, నారింజ రంగుల్లో అంచు నుంచి లోపలికి పాకుతుంది. ఫోటో నడిమధ్యన నీలం మచ్చ వేసే ఫిల్టర్‌ని వదిలేయండి. యాప్‌లో లీక్ డిజైన్లు కొన్నే ఉంటాయి కాబట్టి ఒకే ఆల్బమ్‌లో అదే మచ్చ మూడుసార్లు కనిపిస్తే గుట్టు బయటపడుతుంది. దానికంటే ఎర్ర లేదా నారింజ రంగు పారదర్శక చాక్లెట్ కాగితం చింపి, లెన్స్‌లో పావు వంతు కప్పేలా అంచున పట్టుకుని ఎండకి ఏటవాలుగా తీయండి. ప్రతి ఫోటోకీ వేరే లీక్ వస్తుంది. మసక అంచుల కోసం వాజలీన్ రాయాలనుకుంటే పలచటి ప్లాస్టిక్ కవర్ మీద, మధ్యలో వదిలి చుట్టూ రాయండి. లెన్స్ మీద మాత్రం వద్దు.

డబుల్ ఎక్స్‌పోజర్‌కి మొదటి ఫోటో ఆకాశం ముందు నల్లటి నీడబొమ్మ, పక్కకి తిరిగిన మొహమైతే మేలు. స్నాప్‌సీడ్‌లో దాన్ని తెరిచి, డబుల్ ఎక్స్‌పోజర్‌లో రెండో ఫోటో కలిపి, లైటెన్ ఎంచుకోండి. రెండిట్లో వెలుగున్నదే నిలుస్తుంది కాబట్టి బొమ్మ నల్లగా ఉన్న చోటే రెండో ఫోటో కనిపిస్తుంది. పేడ నీళ్లు చల్లిన వాకిట్లో తెల్ల ముగ్గు, వరిచేను, కొబ్బరాకులు బాగా అతుకుతాయి. బూడిద రంగులో మిగిలిన నీడబొమ్మతో రెండూ కలగాపులగమే.

తారీఖు, రీలు, ప్రింటు

హుజీ ఫోటో మీద వేసే తారీఖు ముద్రలో సంవత్సరం 98గా పడుతుంది. సరదా ఫోటోలకి పరవాలేదు. పిల్లల ఫోటోలకి, ఇంటి శుభకార్యాలకి ముద్ర ఆపేయండి, పదేళ్ల తర్వాత ఇంట్లోవాళ్లే తికమకపడతారు. కొరియా యాప్ గుడాక్ ఒక రీలుకి 24 ఫోటోలే ఇచ్చి, మూడు రోజుల తర్వాత గానీ చూపించదు. తీసినవెంటనే చూసుకుని మళ్లీ తీసే అలవాటు పోగొట్టడానికి ఇది మంచి కళ్లెం. ఆ మూడు రోజుల్లో యాప్ తీసేశారో, కడగని రీలు దక్కదు.

ప్రింటుకి 4×6 సైజుకి 1200×1800 పిక్సెళ్లు చాలు, 3:2కి కత్తిరించి ఉంటే అంచులు తెగవు. తెర మీద కనిపించినదానికంటే కాగితం మీద ముదురుగా వస్తుంది, అందుకని బ్రైట్‌నెస్ ఐదో పదో పెంచి ఇవ్వండి. మ్యాట్ కాగితం అడగండి. ల్యాబ్‌లో ఆటో కరెక్షన్ ఆపమని ముందే చెప్పండి, లేకపోతే మీరు లేపిన నలుపుని మెషీన్ మళ్లీ దించేసి, కలిపిన పసుపంతా కడిగేసి చేతికిస్తుంది.